రెండో సగం బెల్లం

హేమ్లి దేవుడితో మాట్లాడుతుందన్న సంగతి గుండ్లవాగు తండాలో అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్క ఫారెస్టు వాచర్ జంపయ్యే. కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, తెల్లారుతుండగా ఇప్పచెట్ల వైపు వెళ్తే పొదల అవతల ఆడమనిషి గొంతు వినిపించింది. ఓసారి నవ్వుతోంది, ఓసారి కసురుతోంది, మధ్యమధ్య ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నట్టు ఆగుతోంది. మాట్లాడేది లంబాడీ కాబట్టి జంపయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కలప దొంగలు ఇద్దరు ఉన్నారనుకుని, కర్ర గట్టిగా పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా దగ్గరికి వెళ్లాడు. చూస్తే యాభై దాటిన మనిషి ఒక్కతే, గంప పక్కన పెట్టుకుని రాలిన పూలు ఏరుకుంటోంది.

"ఎవలతోని మాట్లాడుతున్నవమ్మా?"

"మా సోపతితోని."

"ఏడున్నడు?"

"ఈడ్నే ఉన్నడు గదా!"

జంపయ్య చెట్టు చుట్టూ తిరిగాడు. పొదల్లో కర్ర పెట్టి కదిపాడు. చివరికి తలెత్తి కొమ్మల్లోకి కూడా చూశాడు. హేమ్లి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, "యేసయ్యతోనయ్యా" అని చెప్పి గంపెత్తుకుంది. ఆ మాట విన్నాక జంపయ్య ఇంకోసారి చెట్టు పైకి చూశాడని కొందరంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆమె 'సోపతి' అన్న మాట తేలిగ్గా అన్నది కాదు. ఖమ్మం పట్నంలోనైతే బస్సులో పక్క సీటువాడు దిగేలోపు దోస్తు అయిపోతాడు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ ఊళ్లలో సోపతి, అంటే స్నేహం, దానంతటది అవదు, కట్టుకోవాలి. అదీ సొంత కులంవాళ్లతో కాదు, బయటివాళ్లతో. ఇద్దరూ కలిసి కొబ్బరికాయ కొట్టి, ఒకే బెల్లంముక్కను విరిచి చెరో సగం తింటారు. ఆ నిమిషం నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, 'సోపతీ' అనే పిలవాలి. సోపతి ఇంటికి వెళ్తే గడప బయట ఆగి పిలవక్కర్లేదు, నేరుగా లోపలికి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగొచ్చు. సోపతి దగ్గర ఏ మాటా దాచకూడదు. సోపతి పిల్లలు తన పిల్లలే. ఇన్ని షరతులున్నాయి కాబట్టే జనం దీన్ని బతుకులో ఒకసారి, మహా అయితే రెండుసార్లు కట్టుకుంటారు.

హేమ్లి పదేళ్లప్పుడు వాగు అవతలి కోయపిల్లతో సోపతి కట్టుకుంది. ఆ పిల్ల పేరేమిటో తండాలో ఈ తరంవాళ్లకు తెలియదు, ఎందుకంటే హేమ్లి ఇప్పటికీ చెప్పదు. ఇద్దరూ కలిసి పూలు ఏరారు, తునికాకు కోశారు, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకున్నారు. ఇరవై ఏళ్లు నిండకుండానే ఆ పిల్ల జ్వరంతో పోయింది. ఆ తరవాత మనసులో మాట చెప్పుకోవడానికి హేమ్లికి మిగిలింది మొగుడు బిచ్యా ఒక్కడే. బిచ్యా పెద్దగా మాట్లాడేవాడు కాదు గాని, చెప్పింది వినేవాడు. మొగుళ్లలో అది అంత తరచుగా దొరికే గుణం కాదు.

ఆ బిచ్యా కూడా పదకొండేళ్ల కిందట, మిర్చి కోతల కాలంలో పోయాడు. ఖమ్మం మార్కెట్ యార్డుకు బస్తాలు తీసుకెళ్తున్న ట్రాక్టరు ఓ మోరీ మలుపులో బోల్తా పడింది. బస్తాల మీద కూర్చున్న బిచ్యా దాని కింద పడి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ట్రాక్టరు నడిపింది కోటేష్. తండాను ఆనుకుని ఉన్న ఊళ్లో మొదటి ఇల్లు అతని తల్లి గంగక్కది. ఆ పొద్దున కోటేష్ సారా తాగి ఉన్నాడని బస్తాలెత్తిన కూలీలందరికీ తెలుసు. కాని బడి వరండాలో పెద్దమనుషులు కూర్చుని అడిగినప్పుడు ఒక్కడూ నోరు విప్పలేదు. గంగక్క మాత్రం లేచింది. కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి, "నా కొడుకు తాగలె. తాగి ఉంటే వీడు నాకు దక్కకుండ పోవాలె" అని ఒట్టేసింది. కన్నతల్లి కొడుకు నెత్తిన చెయ్యేశాక ఇంకేం అడుగుతారు? అందరూ దులుపుకుని లేచారు.

బిచ్యా చావు ఒక దెబ్బ. ఆ ఒట్టు ఇంకో దెబ్బ. రెండోదే హేమ్లిని లోపల కాల్చింది. 'తాగిండు, తప్పైంది' అని ఒక్క మాట అని ఉంటే ఏడ్చి ఊరుకునేదేమో. ఆ రోజు నుంచి గంగక్క పేరు ఆమె నోట రాలేదు. చెప్పాల్సొస్తే 'ఆ ఇల్లు' అనేది. ఆ ఇంటి ముందు నుంచి ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే చేల గట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది.

ఆ ఏడాది వానాకాలంలోనే పాస్టరు మంగీలాల్ తండా చివర రేకుల షెడ్డు వేశాడు. మంగీలాల్ కూడా లంబాడీవాడే, మధిర వైపు తండాలో పుట్టినవాడు. షెడ్డుకు రేకులు సరిపోయాయి గాని తలుపుకు సరిపోలేదు. హేమ్లి మొదటిసారి అందులోకి వెళ్లింది వాక్యం వినడానికి కాదు, వాన తప్పించుకోవడానికి. చీరచెంగు పిండుకుంటూ ఓ మూల నిలబడి ఉంటే మంగీలాల్ మాటలు చెవిన పడ్డాయి. దేవుడు మనిషిని పనివాడిగా చూడడట, పక్కన కూర్చోబెట్టుకుని మనసులో మాట చెప్పుకునే స్నేహితుడిగా చూస్తాడట. చెప్పేది లంబాడీలోనే గాని, ఆ ఒక్క మాటకు మాత్రం ఊళ్లో వాడే మాటే వాడాడు పాస్టరు. దేవుడు మనతో సోపతి చేస్తానంటున్నాడు అన్నాడు.

మిగతావాళ్లు చప్పట్లు కొట్టి పాట అందుకున్నారు. హేమ్లికి మాత్రం ఒళ్లు జల్లుమంది. వాళ్లకేమైనా పిచ్చా, ఇంత మాట విని పాట పాడుతున్నారేమిటి అనుకుంది. ఈ కొండలు చేసినవాడు, గోదావరికి దారి చూపినవాడు, ఏ చెట్టు ఏ పొద్దున పూలు రాల్చాలో చెప్పేవాడు తనతో బెల్లం విరుచుకుంటానంటున్నాడు! తన ఇంట్లోకి గడప దగ్గర ఆగకుండా వస్తానంటున్నాడు! రెండు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. మూడోనాడు మధ్యాహ్నం కొబ్బరికాయ, బెల్లంముక్క కొంగున పెట్టుకుని షెడ్డుకు బయల్దేరింది.

మంగీలాల్ లోపల ఊడ్చుకుంటున్నాడు. "ఏంది యాడీ గివన్నీ?" అన్నాడు. యాడీ అంటే లంబాడీలో అమ్మ.

"సోపతి కట్టుకుంటానికొచ్చిన. ఆయన అన్నడని మొన్న నువ్వే చెప్పినవ్ గదా."

పాస్టరు చీపురు కింద పెట్టాడు. అట్లా కాదు, ముందు బాప్తిస్మం ఉంటుంది, ప్రార్థన ఉంటుంది, కొబ్బరికాయలు కొట్టడం మన పద్ధతి కాదు అని చెప్పబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. జన్మలో ఒకటి రెండుసార్లు మాత్రమే కట్టే ముడి కోసం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చిన మనిషిని వెనక్కి పంపడానికి అతనికి నోరు రాలేదు. మంగీలాల్ జీవితంలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి.

హేమ్లి కాయ కొట్టింది. బెల్లం విరిచి సగం తను తిన్నది. రెండో సగం చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. దీన్ని తినేవాడేడి? "బల్ల మీద పెట్టు యాడీ" అన్నాడు పాస్టరు నెమ్మదిగా. మోదుగాకులో చుట్టి బల్ల మీద పెట్టి, దండం పెట్టుకుని బయటికి వచ్చేసింది. మర్నాడు వెళ్లి చూస్తే ఆకు ఉంది, బెల్లం లేదు.

"చీమలో, ఎలుకలో తిని ఉంటయ్" అన్నాడు మంగీలాల్.

"ఎవలు తింటే ఏంది? అన్నీ ఆయనవే గదా. ఆయనకే ముట్టింది" అంది హేమ్లి.

అప్పటి నుంచి ఆమె ఒంటరి కాదు. వాగులో బాప్తిస్మం తీసుకుంది, ఆదివారం తప్పకుండా షెడ్డుకు వెళ్తుంది. కాని అసలు మాటలన్నీ పొద్దున్నే అడవిలో, ఇప్పచెట్ల కింద. మోకాళ్ల నొప్పి, మేక ఈనిన సంగతి, తిరుమలాయపాలెం వైపు ఇచ్చిన కూతురు భాను ఫోన్ చెయ్యని సంగతి, అన్నీ చెప్పేది. వానలు ఆలస్యమైతే నిలదీసేది. ప్రార్థనలో 'తండ్రీ' అనాలని పాస్టరు ఓసారి మెల్లగా సర్దిచెప్పబోతే, "మా నాయనతోని నేను పట్టుమని పది మాటలు మాట్లాడలె. సోపతితోనైతే అన్నీ చెప్పుకున్న. ఎట్ల పిలిస్తే ఎక్కువ చెప్పుకుంటనో గట్లనే పిలుస్త" అంది. దేవుడికి లంబాడీ వస్తుందా అని ఎవరో ఎగతాళి చేస్తే, "ఆయనకన్నీ వస్తయ్. నాకే గిదొక్కటి వస్తది" అంది.

ఆమె ఎన్నడూ దేవుడి గొంతు వినబడిందని చెప్పలేదు. ఒక్కటే చెప్పేది, తను మాట్లాడుతుంటే పక్కన ఎవరో కూర్చుని వింటున్నట్టు ఉంటుందని. చూడకపోయినా ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని తెలుస్తుందే, అట్లా. ఇప్పపూలు గాలి లేకుండానే టప్పు టప్పుమని రాలుతుంటే, ఆ చప్పుడు మధ్య ఆమె ఒక్కోసారి మాటలు ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. అంత పెద్దవాడు ఇంత దగ్గర కూర్చోవడమేమిటని గుండె నిండిపోయేది. పదేళ్లయినా ఆ ఆశ్చర్యం ఆమెకు పాతబడలేదు.

పోయిన వానాకాలంలో గంగక్క వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానా నుంచి తెచ్చాక మంచం దిగలేదు. ఈ ఎండాకాలం మొదట్లో, ఇప్పపూలు రాలడం మొదలైన వారంలో, గంగక్క కోడలు ఉషారాణి హేమ్లి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, మా అత్తమ్మ నిన్ను ఒక్కసారి రమ్మన్నది. బతిమిలాడి తీసుకరమ్మన్నది."

"ఆ ఇంట్ల నాకేం పని?" అంది హేమ్లి. చాప మీద ఎండబోసిన పూలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు. ఉషారాణి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లారుతుండగా హేమ్లి ఎప్పటిలాగే చెట్టు కింద మాట మొదలుపెట్టింది. నాలుగు మాటలయ్యాక ఆగిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ పోయాక కూడా మనం తెలియక కాసేపు మాట్లాడుతూనే ఉంటామే, అట్లా అనిపించింది. పక్కన ఎవరూ లేరు. "సోపతీ" అని పిలిచింది. పూలు రాలుతున్నాయి. అంతే. రెండోనాడూ అంతే, మూడోనాడూ అంతే. నాలుగోనాడు ఆమెకు భయం వేసింది. కోయపిల్ల పోయినప్పుడు ఇంకా వయసుంది. బిచ్యా పోయినప్పుడు ఈయన వచ్చాడు. ఈయన కూడా పోతే ఇక ఈ లోకంలో తన మాట వినేవారెవరు? గంప సగం కూడా నిండకుండానే లేచి, నేరుగా పాస్టరు ఇంటికి వెళ్లింది.

మంగీలాల్ అంతా విన్నాడు. వాక్యం తీసి చదువుతాడేమో అనుకుంది. అతను ఓ ప్రశ్న అడిగాడు.

"యాడీ, సోపతి కాడ మాట దాస్తే ఏమైతది?"

"దాచొద్దు. దాస్తే సోపతి తెగినట్టే."

"మరి ఆ ఇంటి సంగతి ఆయనకు ఎన్నడన్న చెప్పినవా?"

హేమ్లి మనసులో ఒక్కొక్కటీ తలచుకుంది. మేక సంగతి చెప్పింది, మోకాళ్ల సంగతి చెప్పింది. పదేళ్లలో ఆ ఒక్కటి చెప్పలేదు. చెప్తే ఆయన ఏమంటాడో లోపలెక్కడో తెలుసు. అందుకే చెప్పలేదు. ఆయన తనను వదిలి ఎటో పోయాడనుకుంది గాని, పదేళ్లుగా ఒక గదికి తాళం వేసి పెట్టుకున్నది తనే.

ఐదోనాడు గంప ముట్టుకోలేదు. చెట్టు మొదట్లో కూర్చుని మొత్తం చెప్పింది. చెప్పడమా అది, అరిచింది. బిచ్యా చొక్కాకు అంటిన మిర్చి ఘాటు గురించి చెప్పింది. బడి వరండా, కొడుకు నెత్తి మీద ఆ చెయ్యి, అందరూ దులుపుకుని లేచిపోవడం. "ఆ దినం నువ్వెక్కడున్నవ్? ట్రాక్టరు పడ్డనాడు ఎక్కడున్నవ్? ఆ ఒట్టు పెట్టినప్పుడు నోరు మూసుకుని ఎట్ల ఊరుకున్నవ్?" అని నేలను అరచేత్తో కొట్టింది. మనిషి సోపతైతే ఆ మాటలకు జన్మలో ముఖం చూసేవాడు కాదు.

అరిచి అరిచి గొంతు పోయాక నిశ్శబ్దమైంది. అప్పుడు ఆమెకు తెలిసింది. ఉన్నాడు. పక్కన కాదు, ఈసారి చుట్టూ ఉన్నాడు. గాలి లేదు, ఆకు కదలడం లేదు, పూలు మాత్రం ఆమె తల మీద, భుజాల మీద, కొట్టిన చేతి మీద నింపాదిగా రాలుతున్నాయి. ఆమె అరుపులన్నీ విన్నవాడు, ఒక్కదానికీ కోపం తెచ్చుకోనివాడు అంత దగ్గరగా ఉంటే హేమ్లి ఊపిరి తియ్యడానికి జంకింది. చెంగు తల మీదికి లాక్కుని నేలకు నుదురు ఆనించింది. అప్పటిదాకా ఎంత చనువుగా మాట్లాడినా, ఎవరితో మాట్లాడుతోందో ఆ పొద్దున తెలిసినంతగా ఎన్నడూ తెలియలేదు.

గొంతు వినబడలేదు. కాని ఆయనేం అంటున్నాడో మనసుకు తట్టింది. 'ఆ ఇంటికి పో' అనలేదు. 'నేనటు పోతున్న, వస్తవా?' అన్నట్టు అనిపించింది. పొమ్మంటే హేమ్లి మొండికేసేదే. సోపతి వస్తావా అని అడిగితే ఎవరైనా ఎట్లా కాదంటారు? లేచింది. చేల గట్ల మీదుగా కాకుండా తిన్నగా బాట మీద నడిచింది.

గంగక్క ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. అంతవరకే, లోపలికి రాలేనని ఆయనకు చెప్పుకుంది. వాకిట్లో ఉషారాణి చేతిలోని చీపురు జారిపోయింది. లోపల నులకమంచం మీద గంగక్క పక్కకు తిరిగి చూసింది. అప్పటి గొంతు, అప్పటి మనిషి ఏమీ మిగల్లేదు. ఎముకల మీద చీర చుట్టినట్టు ఉంది.

"వచ్చినవా హేమ్లీ. లోపలికి రావని నాకెరుకే. ఆడ్నే నిలబడి విను" అంది. "ఆ దినం వాడు తాగిండు. నేనే మొఖం కడిగి ట్రాక్టర్ ఎక్కిచ్చిన. నేను పెట్టింది అబద్ధపు ఒట్టు."

పదకొండేళ్లుగా ఏ మాట వింటే మంట చల్లారుతుందనుకుందో, ఆ మాట అదే. హేమ్లి విన్నది. ఏమీ కాలేదు. "నాకెరుకే" అంది పొడిగా, వెనక్కి తిరగబోయింది.

"ఆగు. ఇంకోటున్నది. అది నీకెరుక లేదు." గంగక్క మోచేతి మీద లేవబోయి పడిపోయింది. ఉషారాణి వచ్చి పట్టుకుంది. "మీ షెడ్డు ఏసిన వానకాలం, నువ్వు కొబ్బరికాయ పట్టుకొని పోయినవ్ చూడు. నేను చేన్ల నుంచి చూసిన. నా కొడుకు మీద శాపం పెట్టిస్తున్నవనుకున్న. మొగుడు పోయిన మనిషి కొత్త దేవుని కాడికి కాయ పట్టుకొని ఇంకెందుకు పోతది? మీరిద్దరు పోయేదాక చూసి లోపలికి పోయిన. బల్ల మీద మోదుగాకుల సగం బెల్లంముక్క ఉన్నది."

హేమ్లి చెయ్యి గడప చెక్కను పట్టుకుంది.

"మొక్కి పెట్టిన ప్రసాదమనుకున్న. దీనితోనే నా కొడుకుకు తగులుతదనుకున్న. ఒట్టు పెట్టింది నేను, వాడెందుకు సావాలె? నేను తింటే నాకే తగులుతది గదా అని నేనే తిన్న. ఆకుకంటింది గూడ వదల్లె. పదేండ్లు చూసిన, ఎప్పుడొస్తదా అని. తుంటి విరిగిననాడు ఏడ్సుకుంట నవ్విన. నాకే వచ్చింది, వానికి రాలె. కాని నేను పోయినంక మిగిలింది వానికి పోతదేమోనని బుగులైతున్నది. మీ దేవునికి చెప్పి తీయించు హేమ్లీ. నీ కాళ్లు మొక్కుత."

"ఏ బెల్లం?" అంది హేమ్లి. విన్నది అంతా విన్నది, అయినా అడిగింది.

"చెప్పిన గదా. మోదుగాకుల ఉన్నది. సగం ముక్క."

హేమ్లికి ఒళ్లంతా చలి పుట్టింది. బయట ఎండ మండుతోంది. చీమలు కాదు, ఎలుకలు కాదు. ఎవరు తిన్నా ఆయనకే ముట్టిందని పదేళ్ల కిందట తన నోటితో తనే అన్నది. ఆయన ఆ సగాన్ని ఊరికే వదిలెయ్యలేదు. ఈ లోకంలో తను ఎవరి ముఖం చూడనని ఒట్టేసుకుందో, సరిగ్గా ఆ మనిషి నోట్లో పెట్టాడు. కొడుకు కోసం శాపాన్ని మింగుతున్నాననుకుని ఈ తల్లి మింగింది ఏమిటి! తను పదేళ్లుగా చెట్టు కింద రోజూ సోపతీ సోపతీ అని పిలుస్తుంటే, ఆ సగం తిన్న మనిషి నాలుగు చేల అవతల చావు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట బయటపెట్టలేదు. ఎంత ఓపిక ఆయనది!

"అది శాపం గాదు" అంది. "సోపతి బెల్లం. ఆయనతోని సోపతి కట్టుకుంటానికి పోయిన. సగం నేను తిన్న. రెండో సగం ఆయనకు పెట్టిన."

గంగక్క ఆ ఊళ్లో పుట్టిన మనిషే. ఆ మాటకు అర్థం ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు. కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో, దేవుని సగం తిన్ననే! మరి నేను తిన్ననే!" అని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అవ్. నువ్వు తిన్నవ్."

హేమ్లి గడప దాటింది. పిలవలేదు, అడగలేదు. మంచం పక్కనుంచి నేరుగా మూలనున్న కుండ దగ్గరికి వెళ్లి, చెంబుతో నీళ్లు ముంచుకుని తను సగం తాగింది. మిగతా సగం తెచ్చి గంగక్క తల కింద చెయ్యి పెట్టి లేపింది.

"తాగు సోపతీ."

ఉషారాణి గుంజను ఆనుకుని నిలబడిపోయింది. గంగక్క రెండు గుక్కలు తాగింది, సగం మెడ మీదికే కారాయి. కాసేపటికి భయం భయంగా అడిగింది. "మరి నా కొడుకో?"

"సోపతి కొడుకు నాకేమైతడు? కొడుకైతడు" అంది హేమ్లి.

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. తెలిశాక మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. బిచ్యా కోసం అంత ఏడుపు ఆమె అప్పటిదాకా ఏ ఇంట్లోనూ ఏడవలేదు. గంగక్క చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. ఒకప్పుడు అబద్ధపు ఒట్టు వేసిన చెయ్యే. ఈసారి అది ఏ ఒట్టూ వెయ్యలేదు.

ఆ సాయంత్రానికి తండా, ఊరు రెండూ ఈ సంగతే చెప్పుకున్నాయి. మళ్లీ బెల్లం తెప్పించి పద్ధతి ప్రకారం కట్టుకుంటారా అని ఎవరో అడిగితే, "ఇంకేం కట్టేదున్నది? పదేండ్ల కిందనే అయిపోయింది" అంది హేమ్లి. మంగీలాల్ ఆదివారం వాక్యం చెప్పడానికి లేచి, ముందు ఆ బెల్లం పెట్టిన బల్ల మీద చెయ్యి పెట్టాడు. గంగక్క పేరు మాత్రం హేమ్లి ఇప్పటికీ పలకదు. పదకొండేళ్లు కోపంతో పలకలేదు, ఇక సోపతి కాబట్టి పలకదు.

కోటేష్ ఆ ప్రమాదం తరవాత మళ్లీ స్టీరింగు పట్టలేదు, సారా కూడా ముట్టలేదు. ఖమ్మంలో ఓ పత్తి మిల్లులో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. ఆ శనివారం వచ్చాడు. మర్నాడు తెల్లారుతుండగా ఇప్పచెట్ల కిందికి వచ్చి, పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. కాసేపు చూసి వంగాడు. రాలిన పూలు ఒక్కొక్కటి ఏరి, దగ్గరికి వచ్చి ఆమె గంపలో వెయ్యడం మొదలుపెట్టాడు.

హేమ్లి పక్కకు తిరిగి, రోజూ మాట్లాడే వైపుకే, "చూసినవా, కొడుకొచ్చిండు" అంది.

కోటేష్ ఎవరితో అంటున్నావని అడగలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, గంప నిండేదాకా ఆమెతో పాటు ఏరాడు.